అక్కకూ నాకూ కలిపి ఒక్క పుస్తకం

అశోక్ నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివి హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళే ఆడపిల్లలకు ఒక అలవాటు ఉంది. ఉద్యోగం వచ్చి పోయే పిల్ల వంటింట్లో పనిచేసే వాళ్ళకు చీర పెట్టి పోతుంది. ఉద్యోగం రాకుండా పోయే పిల్ల ఎవరికీ చెప్పకుండా తెల్లవారేసరికి పోతుంది. చాలా ఏళ్ళు అక్కడ వంట చేశాను కాబట్టి రెండు రకాల పోవడాలూ చూశాను. నాకు అక్షరాలు నేర్పిన పిల్లకు ఉద్యోగం వచ్చింది. సుల్తాన్ బజార్ పోదాం రా పెద్దమ్మా, చీర కొంటా అంది. చీర వద్దు, పుస్తకం కొనివ్వు అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఏం పుస్తకం అని మాత్రం అడిగింది.

ఒక్కటే చాలని నేనే చెప్పాను. అంతకు కొన్నాళ్ళ ముందే నారాయణగూడలో కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాను. కాలా మోతియా, నీటికాసుల జబ్బు అన్నాడు. మామూలు శుక్లమైతే తీసేస్తారట, ఇది అలాంటిది కాదట. పోయిన చూపు పోయినట్టే, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి అన్నాడు. చదువుతానంటే నా వైపు ఒకసారి చూసి, కొంచెం కొంచెంగా చదవమన్నాడు. నేను చదివేదే అలా. అక్షరం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ పోతాను. ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఈ లెక్కన నాకు మిగిలిన చూపుకు ఒక పుస్తకం ఎక్కువే.

ఆ పుస్తకం నా కోసం కాదు. అక్క కోసం.

అక్క అంటే తోడబుట్టింది కాదు, నా భర్త మొదటి భార్య. నేను రెండోదాన్ని. ఆయన మేస్త్రి. మేం ముగ్గురం పాలమూరు నుంచి వచ్చి చిక్కడపల్లి వెనక బస్తీలో ఒకే గదిలో బతికాం. ఆయన గోడలు కట్టాడు, మేం తట్టలు మోశాం. ఆయన పోయాక అక్క ఊపిరితిత్తులు సిమెంటు దుమ్ముతో పాడైపోయి ఆమె పని మానేసింది, నేను హాస్టల్ వంటకు చేరాను. ఆ గది అలాగే ఉంది, కిరాయి మాత్రం పెరిగింది.

నన్ను ఎంచుకుని తెచ్చింది అక్కే. ఆమెకు పిల్లలు పుట్టలేదని అత్త ఇంకో పెళ్ళి చేస్తానని పట్టుబడితే, చేస్తే చెయ్యి కానీ పిల్లను నేనే చూస్తానని అక్క అన్నది. కోడిపెట్ట కొనే నెపంతో మా ఊరు వచ్చింది. నేను నీళ్ళు మోస్తుంటే గడప మీద కూర్చుని చూసింది. నా అందం చూడలేదు, మా వాళ్ళ ఆస్తి అడగలేదు. ఒక్క మాట అడిగింది.

"కోపమొస్తే ఏం జేస్తవే?"

"అన్నం తినను" అన్నాను.

"గట్లయితే నయమే. నేను గిన్నెలు ఇసిరేస్త. నువ్వు గూడ ఇసిరేటిదానివైతే ఇంట్ల గిన్నెలే ఉండవు."

అంతే, పెళ్ళి కుదిరింది. పుస్తెలు కొన్నది ఆమె, పందిట్లో నా తల మీద ముసుగు సరిచేసింది ఆమె. తర్వాత నాకూ పిల్లలు పుట్టలేదు. అత్త మూడో సంబంధం మాట ఎత్తబోతే అక్క చేట కింద పెట్టి, "ఇగ తేవాల్సింది ఆడిదాన్ని గాదత్తా, ఇంకో మొగోణ్ణి" అన్నది. అత్త మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మేం కొట్లాడుకోలేదని అబద్ధం చెప్పను. కొట్లాడుకున్నాం, ఆయన కోసం కూడా కొట్లాడుకున్నాం. ఆమె గిన్నెలు విసిరింది, నేను పస్తులున్నాను. పస్తులుంటే అన్నం కలిపి నోట్లో కుక్కింది కూడా ఆమే.

ఈ పుస్తకం గొడవ దవాఖానాలో మొదలైంది. ఒక చలికాలం అక్కకు ఆయాసం ఎక్కువైతే సర్కారు దవాఖానాకు తీసుకుపోయాను. బల్ల దగ్గర కూర్చున్న మనిషి, పేషెంటుకు నువ్వేమైతావని అడిగాడు. చెల్లెనని చెప్పాను. ఇద్దరి ఆధార్ కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"చెల్లె అంటున్నవ్. ఇద్దరి మొగని పేరు ఒక్కటే ఉన్నదేంది?"

లైన్లో ఉన్న వాళ్ళు నవ్వారు. నేను ఊరుకునే రకాన్ని కాదు. "ఒక్కడే దొరికిండు సారూ, ఇద్దరం సర్దుకున్నం" అన్నాను. ఇంకా నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా, సొంత వాళ్ళెవరైనా ఉంటే పిలిపించమన్నాడు. ఊరి నుంచి అక్క తమ్ముడి కొడుకు వచ్చి నిలబడితే కానీ పని జరగలేదు. వాడు అక్కను ఎప్పుడో చిన్నప్పుడు చూశాడు. ఆమెకు ఏ మందు పడదో, రాత్రి ఏ పక్కకు పడుకుంటే దగ్గు తగ్గుతుందో వాడికి తెలియదు. అయినా వాడు సొంతవాడు.

స్ట్రెచర్ మీద పడుకుని అక్క ఇదంతా విన్నది. ఇంటికి వచ్చాక ఆమెకు అదే రంధి పట్టుకుంది. "నేను పోతే నన్ను ఎవలకిస్తరే? నీకిస్తరా?" అని అడిగేది. అన్నం పెడితే అడిగేది, తల దువ్వితే అడిగేది. ఊరికి తీసుకుపోవద్దని ఆమె కోరిక. ఆ ఊళ్ళో నాకెవరున్నారు, మట్టి చేసేదేదో ఇక్కడే చెయ్యి, నువ్వే చెయ్యి అనేది. నాకు తెలియదక్కా అంటే ఒప్పుకునేది కాదు.

"సదువొచ్చె గదనే నీకు. సూడు మరి. పుస్తకంల ఉండకుంట యాడ బోతది?"

నాకు చదువు వచ్చిన తీరు చెప్పాలి. లేకపోతే మేం చేసిన పొరపాటు అర్థం కాదు. పలక మీద, వాచకంలో నేర్చుకోలేదు నేను. హాస్టల్ పిల్లలు చింపి పారేసిన బిట్ల కాగితాలతో నేర్చుకున్నాను. పరీక్షకు వచ్చే చిన్న ప్రశ్నలను వాళ్ళు బిట్లంటారు. పైన ప్రశ్న, కింద నాలుగు జవాబులు, కాగితం చివర వరసగా ఏ ప్రశ్నకు ఏ జవాబో ఉంటుంది. బియ్యం ఉడికేలోపు ఆ పిల్ల నా పక్కన పీట వేసుకుని ఒక్కో బిట్టు చదివించేది. సాయంత్రం గదికి పోయి అదే బిట్టు అక్కకు చదివేదాన్ని. ఎన్నో సవరణ, ఏ నది ఎక్కడ పుట్టింది, ఏదైనా సరే అక్క "సి" అనేది. ఒక్కోసారి సి నిజంగానే సరైపోయేది. అప్పుడు మా గది బడి అయినట్టు ఉండేది.

అందుకే అచ్చులో ప్రశ్న ఉన్నదంటే జవాబు కూడా ఉంటుందనే నమ్మకం మా ఇద్దరికీ బలంగా కుదిరింది. జవాబు లేని ప్రశ్న ఎవరైనా అచ్చు వేస్తారా?

సరే, ఆ పిల్ల నన్ను అశోక్ నగర్‌లో పాత పుస్తకాలమ్మే దుకాణానికి తీసుకుపోయింది. చదువు మానుకుని ఊళ్ళకు పోయే పిల్లలు అమ్మేసిన పుస్తకాలే అక్కడ ఎక్కువ. లోపల గీతలు, అంచుల్లో పేర్లు. దుకాణమాయన నన్ను చూసి, "పెద్దమ్మా, గ్రూప్ వన్ రాస్తున్నవా ఏంది?" అన్నాడు. "నీకు సీటు లేకుంట చేస్త, జర జరుగు" అన్నాను. మంచివాడే. లోపల స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

ఆ పిల్ల రెండు పుస్తకాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. రెండూ పెద్ద చదువుల వాళ్ళవి, రెండూ తెలుగులోనే ఉన్నాయి. ఒకటి సామాజిక హక్కుల గురించి. ఇంకొకటి కుటుంబంలో, పనిలో ఆడవాళ్ళ పాత్ర గురించి.

ముందు ఆడవాళ్ళ పుస్తకం తెరిచాను. కూతురు, భార్య, తల్లి, కోడలు అని వరసగా భాగాలు. ఇవన్నీ నాకు తెలిసినవే, దీనికి పుస్తకం ఎందుకు అనుకున్నాను. నాలుగు కాగితాలు తిప్పితే ఒకచోట కట్టుబడి పనిలో తట్టలు మోసే ఆడవాళ్ళ గురించి ఉంది. ఇటుకలు మోసి ఇంటికి వచ్చి మళ్ళీ నీళ్ళు మోసే పని ఏ లెక్కలోకీ రాదని రాశారు. నేను అక్కడ వేలు పెట్టి చాలాసేపు ఆగిపోయాను. తల మీద చుట్టకుదురు పెట్టుకుని, రెండో అంతస్తుకు చెక్క మెట్ల మీద ఎక్కుతున్న అక్క కళ్ళ ముందు కనిపించింది. పిల్ల నా ముఖం చూసి, ఇదే తీసుకో పెద్దమ్మా, ఇందులో మీరున్నారు అంది.

తర్వాత హక్కుల పుస్తకం తెరిచాను. బరువు ఎక్కువ, అక్షరం చిన్నది. విషయాల పట్టికలో వేలు దించుకుంటూ పోతే వివాహం, వారసత్వం అని వచ్చింది. ఆ పేజీ తీశాను. మధ్యలో నల్లగా, లావుగా 'రెండో భార్య' అని ఉంది.

అచ్చులో ఆ మాట నేను చూడటం అదే మొదటిసారి. ఎవరో మా గది తలుపు తట్టి పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. కింద ఏముందో చదవలేదు. కళ్ళలో నీళ్ళు ఊరుతున్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ప్రశ్న దొరికింది, జవాబు దాని కిందే ఉంటుంది, అక్క దగ్గర కూర్చుని చదువుదామనుకున్నాను.

పిల్ల ఆ పేజీ మీదికి వంగి చూసింది. ఆమె చదువు నా చదువులాంటిది కాదు, ఒక్క చూపులో చదివేస్తుంది. "పెద్దమ్మా, జర సదివి తీసుకో" అంది మెల్లగా. రెండూ కొనిస్తానని కూడా అంది. ఒక్కటే అనుకున్నాం కదా అన్నాను. ఆడవాళ్ళ పుస్తకం దుకాణమాయన చేతికి తిరిగి ఇచ్చేశాను. మేం ఏం చేశామో మాకు తెలుసు, మేం ఒకరికొకరం ఏమవుతామో తెలియాలి అన్నాను ఆ పిల్లతో. సంచి తనే మోసింది.

హాస్టల్‌లో పగటి వంట అయిపోయి సాయంత్రం వంట మొదలయ్యేలోపు నాకు కొంత తీరిక ఉంటుంది. ఆ తీరికలో గదికి వచ్చి, అక్క మంచాన్ని గడప దగ్గరికి లాగి, వెలుతురు కాగితం మీద పడేట్టు కూర్చున్నాను. అక్క వక్క నమలడం ఆపి చెవి ఇటు పెట్టింది. నేను చదివాను. మొదటి భార్య బతికి ఉండగా చేసుకున్న రెండో పెళ్ళి చెల్లదని రాసి ఉంది. అలాంటి స్త్రీకి భార్య హోదా రాదు, ఆస్తిలో వాటా లేదు. పిల్లలుంటే పిల్లలకు ఉంది. పిల్లలు లేకపోతే ఏమిటో రాయలేదు.

ఆ గదిలో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మార్చి చదివినా ఆమెకు తెలిసేది కాదు. కానీ నాకు అలా చేతకాదు. ఉన్నది ఉన్నట్టే చదివాను.

"ఎవల పెండ్లి చెల్లది?" అని అడిగింది అక్క.

"నాది."

చాలాసేపు దగ్గింది. నీళ్ళు తాగించాను. గ్లాసు పక్కకు తోసి, "నేను దగ్గరుండి చేపిచ్చిన పెండ్లి. పుస్తెలు నేను కొన్న. చెల్లదని రాసినోడు అప్పుడు యాడ కూసున్నడే?" అన్నది.

అక్కకు కావలసింది ఆస్తి కాదు, అది మాకు లేదు కూడా. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో కావాలి. ఆ మాట తర్వాతి పేజీలో ఉందేమో చూశాను, లేదు. బిట్లలో జవాబులు చివర ఉంటాయి కాబట్టి వెనక నుంచి తిప్పి చూశాను. అక్కడ పుస్తకాల పేర్లు, ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. నేను అలా అటూ ఇటూ తిప్పుతుంటే అక్క చూస్తూ ఉంది. చివరికి, ఇంకో పుస్తకం ఉండె అంటివి కదా, దాంట్లో ఉందేమో తెమ్మన్నది.

మర్నాడు దుకాణానికి పోయాను. అది అమ్ముడుపోయింది. పరీక్ష రాసే పిల్ల ఎవరో పొద్దున్నే తీసుకుపోయిందట. ఇంకోటి దొరికితే దాచిపెడతాలే పెద్దమ్మా అన్నాడాయన. పాపం కోఠీలో కూడా వెతికించాడు. దొరకలేదు. నాకు అక్షరాలు నేర్పిన పిల్ల అప్పటికే ఉద్యోగానికి జిల్లాకు వెళ్ళిపోయింది.

ఉన్న పుస్తకమే చదువుకున్నాం. ఆ పేజీ వైపు పోలేదు. కూలీల హక్కుల భాగం వచ్చినప్పుడు, మగవాడికీ ఆడదానికీ ఒకే పనికి ఒకే కూలీ ఇవ్వాలని చదివితే అక్క నవ్వి, "ఈ ముచ్చట మన గుత్తేదారుకు ఎవలు చెప్పకపాయిరి" అన్నది. నవ్వితే దగ్గు వచ్చేది, అందుకని నవ్వు వచ్చే చోట్లు నేను తొందరగా చదివేసేదాన్ని. నడుమ నడుమ ఆమె నాకు పాఠం చెప్పేది. దవాఖానాల చెల్లెనే అని చెప్పు. కార్డు అడిగితే మర్చిపోయి వచ్చిన అను. గట్టిగా మాట్లాడు, నీ నోరు ఊకె ఉంచుకోకు. సరే అక్కా అనేదాన్ని.

ఆమె పోయిన రోజు నేను హాస్టల్‌లో ఉప్మా కలుపుతున్నాను. బస్తీ వాళ్ళు ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోయి నాకు ఫోన్ చేశారు. నేను చేరేసరికి ఊపిరి పోయింది. చేతికి అంటిన రవ్వ ఎండిపోయి గరగరలాడుతోంది, ఆ చేత్తోనే ఆమె కళ్ళు మూశాను.

బల్ల దగ్గర ఈసారి వేరే మనిషి ఉన్నాడు. చెల్లెనని చెప్పాను. కార్డు మర్చిపోయానని చెప్పాను. అమ్మా, మగవాళ్ళు ఎవరైనా సొంతవాళ్ళు వస్తే శవాన్ని ఇస్తామన్నాడు, మర్యాదగానే అన్నాడు. మధ్యాహ్నం దాటాక ఊరి నుంచి తమ్ముడి కొడుకు వచ్చాడు. వాడికి సంతకం రాదు. చూపించిన చోట వేలిముద్ర వేశాడు, అక్కను వాడికి ఇచ్చారు.

ఊరికి తీసుకుపోతం చిన్నత్తా, బండి మాట్లాడిన అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేడు. ఇక్కడే మట్టి చేద్దాం బిడ్డా, ఆమె అదే కోరింది అని నేను ఒక్క మాట అంటే ఆగేవాడేమో. నా నోరు ఎంత పెద్దదో చిక్కడపల్లి బస్తీ అంతా చెబుతుంది. నీళ్ళ ట్యాంకర్ దగ్గర, కిరాయి దగ్గర, గుత్తేదారు దగ్గర ఎవరినీ వదల్లేదు. ఆ పూట మాత్రం నోరు లేవలేదు. అడగడానికి నాకు ఏ హక్కు ఉందో, ఏది లేదో, అచ్చులో చదివి ఉన్నాను. ఏమీ చదవకపోయి ఉంటే కొట్లాడేదాన్ని. ఆడవాళ్ళ పుస్తకం తెచ్చుకుని ఉన్నా కొట్లాడేదాన్నేమో. ఇటుకలు మోసిన ఆడదాన్నని ఆ బల్ల మీద గుద్దేదాన్నేమో. తెలియదు. సంచి చంకన పెట్టుకుని బండి ఎక్కాను. అక్క కాళ్ళ దగ్గర చోటు ఉంటే అక్కడ కూర్చున్నాను. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా ఆమె పాదాలు పట్టుకున్నాను.

అక్క పుట్టింటి వాకిట్లో దించారు. మా వైపు ఆడవాళ్ళు శోకం తీస్తే వరస పెట్టి పిలుస్తూ ఏడుస్తారు. దగ్గరి వాళ్ళు ముందు. అక్క మరదలు వచ్చి ఓ నా వదినా అని మీద పడింది. కోడళ్ళు ఓ అత్తా అన్నారు. చిన్నాన్న కూతురట, ఒకామె వచ్చి ఓ నా అక్కా అని రొమ్ము బాదుకుంది. బతికి ఉండగా ఆమెను మా గదిలో నేను ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ పిలుపు ఆమెదే, పుట్టుకతో వచ్చింది. సవతికి శోకంలో వరస లేదు. సవతి చస్తే ఏడ్చేవాళ్ళు ఉంటారని ఎవరూ అనుకోలేదేమో. నేను దొడ్డి గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఏడుపు గొంతు దాకా వచ్చి, ఏమని పిలవాలో తెలియక అక్కడే ఆగిపోతోంది.

నన్ను ఎరగని ఒక ముసలామె శవం పక్కనుంచి తల తిప్పి చూసింది.

"నువ్వేమైతవమ్మా ఆమెకు?"

చెల్లె అనలేదు. సవతి అనలేదు. "ఆమెతోని ఉండేదాన్ని" అన్నాను.

ముసలామె నా ముఖంలోకి కాసేపు చూసి, కొంగు సర్దుకుని కొంచెం పక్కకు జరిగింది. ఆ జరిగిన చోట కూర్చున్నాను. అక్క చెయ్యి చాప మీదికి జారి ఉంది. దాన్ని తీసి ఆమె పొట్ట మీద సరిగ్గా పెట్టాను.